పాటల వరసలో మన లెక్క వుందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ వారం మొదటి స్థానంలో ఫలానా పాట, ఈ ఏడాదికి నెంబర్ వన్ పాట, ఒక్క రోజులో ఇన్ని కోట్లమంది చూసిన పాట — ఇలాంటి మాటలు మనం రోజూ వింటూనే వున్నాం. వినగానే మనకేం తోస్తుంది? దేశమంతా ఒకచోట కూచుని, పాటలన్నీ విని, తలలూపి, "ఇదే బాగుంది" అని తేల్చేసిందనుకుంటాం. ఆ పాట మనకు నచ్చకపోతే లోపం మన చెవిలోనే వుందనుకుంటాం. మనకు నచ్చిన పాట ఆ పట్టికలో లేకపోతే పిల్లలు నవ్వుతారు, నీ అభిరుచి పాతబడిపోయిందమ్మా అంటారు. అయితే ఆ నెంబర్లు వేసినవాళ్లెవరు, ఏం చూసి వేశారు అని మనలో ఎంతమంది అడిగి వుంటారు? ఇవాళ ఆ సంగతే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ధాన్యం కొలిపించుకునేటప్పుడు మన పెద్దవాళ్లు ముందు కుంచాన్ని తిప్పి చూసేవారు. అడుగు సొట్టపోయిందా, అంచు అరిగిందా అని చూశాకనే కొలత మొదలు. ఎన్ని కుంచాలయ్యాయి అన్నది ఆ తరవాతి మాట. పాటల సంగతీ అంతేనండీ. ఏ కుంచంతో కొలిచారో తెలియకుండా ఎన్నో నెంబరు వచ్చిందని చెప్పుకుంటే ప్రయోజనం లేదు.

పాటలను వరసపెట్టే అలవాటు అమెరికాలో బాగా స్థిరపడింది. ఈ విషయంలో ఇవాళ లోకమంతా చెప్పుకునే పత్రిక బిల్‌బోర్డ్. అది 1894లో సిన్‌సినాటి అనే వూళ్లో పుట్టింది. అప్పుడు దానికి పాటలతో పనిలేదు. గోడలకు ప్రకటనల కాగితాలు అంటించే వ్యాపారస్తుల కోసం పెట్టిన పత్రిక అది, ఆ పేరూ అందుకే వచ్చింది. తరవాత సర్కసులు, నాటకాలు, సినిమాలు, పాటలు ఒక్కొక్కటే అందులోకి వచ్చి చేరాయి. గ్రామఫోను ఇంటింటికీ రాకముందు పాటకున్న ఆదరణ తెలియాలంటే, ఆ పాట స్వరాలు అచ్చువేసిన కాగితాలు ఎన్ని అమ్ముడుపోయాయో చూసేవారు. వాటిని ఇంటికి తెచ్చుకుని పియానో ముందు పెట్టుకుని వాయించుకునేవారు. ఆ వాయించేవాళ్లలో ఇంటిపట్టునుండే ఆడవాళ్లే ఎక్కువ. అంటే ఆ రోజుల లెక్కలో ఇల్లాలికి కొంత చోటుండేదన్నమాట.

తరవాత రేడియో వచ్చింది. 1935లో అమెరికా రేడియోలో "యువర్ హిట్ పెరేడ్" అనే కార్యక్రమం మొదలైంది. దేశంలో ఎక్కువ ఆదరణ వున్న పాటలివీ అంటూ ప్రతి వారం వరసగా వినిపించేవారు. కార్యక్రమానికి డబ్బు పెట్టింది ఒక సిగరెట్ల కంపెనీ. చిత్రమేమిటంటే, ఆ వరస ఎలా నిర్ణయిస్తున్నారో ఏనాడూ పూర్తిగా బయటపెట్టలేదు. కాగితాల అమ్మకాలూ, రికార్డుల అమ్మకాలూ, రేడియోలో వాడకమూ చూస్తామనేవారు గాని, దేనికెంత బరువో చెప్పేవారు కాదు. పళ్లెంలో పిండివంట పెట్టి, ఏమేం వేశారమ్మా అంటే నవ్వి వూరుకునే ఇల్లాలి లాగా అన్నమాట. జనం మాత్రం ఏళ్లతరబడి నమ్మి విన్నారు.

1940 జూలై 27న బిల్‌బోర్డ్ పత్రిక రికార్డుల అమ్మకాలను బట్టి దేశం మొత్తానికి ఒక పట్టిక వేసింది. టామీ డోర్సీ వాద్యబృందం రికార్డుకు మొదటి స్థానం దక్కింది. అందులో పాడిన యువకుడు ఫ్రాంక్ సినాత్రా. తరవాత వాళ్లకే ఒక కుంచం చాల్లేదు. దుకాణంలో అమ్మినవాటికొక పట్టిక, రేడియోలో వేసినవాటికొక పట్టిక, హోటళ్లలో కాసు వేస్తే పాడే పెట్టెల్లో మోగినవాటికొక పట్టిక — ఇలా విడివిడిగా నడిపారు. ఒక పట్టికలో పైనున్న పాట మరొక పట్టికలో కిందుండేది. చివరికి 1958 ఆగస్టు 4న అమ్మకాలనూ, రేడియో ప్రసారాలనూ కలగలిపి 100 పాటల పట్టిక ఒకటి తెచ్చారు. "హాట్ హండ్రెడ్" అంటారే, అది ఇదే. ఇవాళ్టికీ నడుస్తోంది.

ఇంగ్లండులో ఈ పద్ధతి 1952 నవంబరు 14న మొదలైంది. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అనే వారపత్రికలో పెర్సీ డికిన్స్ అనే ఆయన ఒక ఇరవై దుకాణాలకు టెలిఫోన్ చేసి, ఈ వారం ఏవి బాగా పోయాయండీ అని అడిగి, మార్కులు కలిపి పట్టిక వేశాడు. పన్నెండు స్థానాల పట్టిక అన్నారు గాని, కొన్నిటికి సమానంగా మార్కులు రావడంతో పన్నెండు స్థానాల్లో పదిహేను రికార్డులు కూచున్నాయి. దేశం మొత్తం అభిరుచి అన్నది ఇరవై దుకాణాల గుమాస్తాలు ఫోనులో చెప్పిన మాట! తప్పని నేననడం లేదు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి గదా. కాని ఆ సంగతి తెలిసి చదవడం వేరు, తెలియక చదవడం వేరు.

మూడు వారాలు తిరక్కుండానే, 1952 డిసెంబరు 3న, బుధవారం రాత్రి 8 గంటలకు, మన పక్కనే వున్న సిలోన్ నుంచి ఒక గొంతు వినిపించింది. అది అమీన్ సయానీ గొంతు. కార్యక్రమం బినాకా గీత్‌మాలా. నా ఈడువాళ్లకు అది పెద్దల ముచ్చటగానే తెలుసు గాని, మీలో పెద్దవారు ఆ పేరు వినగానే చేస్తున్న పని ఆపి వుంటారు.

అది సిలోన్ నుంచి ఎందుకు వచ్చిందంటే దానికో కారణముంది. బి.వి. కేస్కర్ గారు కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వున్న రోజులవి. సినిమా పాటలు జనం అభిరుచిని చెడగొడుతున్నాయన్నది ఆయన అభిప్రాయం. ఆకాశవాణిలో వాటికి కోత పడింది. నిర్మాతలతో తగవు వచ్చింది. జనం వూరుకుంటారా? రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటర్లు అక్కడ వుండబట్టి ఆ ప్రసారం మన దేశమంతటా వినిపించేది. హిందీ పాటలే కాదు, మన తెలుగు పాటలు కూడా అక్కణ్ణించి వచ్చేవి. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో వెళ్లి, అక్కణ్ణించి మళ్లీ మన వంటింట్లోకి వచ్చేవన్నమాట. అటు తరవాత 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యాకగాని సినిమా పాట మన రేడియోలో మళ్లీ సుఖంగా కూచోలేదు.

గీత్‌మాలా మొదట్లో ఒక పోటీ. ఏడు పాటలు కలగాపులగంగా వినిపించి, వాటిని సరైన వరసలో పెట్టి రాయండి, 100 రూపాయల బహుమతి అన్నారు. తొలి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయని సయానీ గారే చెప్పేవారు. చూస్తూండగానే అవి వారానికి 65,000 దాకా పెరిగాయి. అన్ని ఉత్తరాలు విప్పి చూడడం ఎవరి తరం? దాంతో పోటీ తీసేసి, ఆదరణను బట్టి పాటలను వరసగా వినిపించే పద్ధతి పెట్టారు. ఒక్కో స్థానాన్ని ఆయన "పాయ్‌దాన్", అంటే మెట్టు, అనేవారు. పాట ఈ వారం రెండు మెట్లెక్కింది, ఆ పాట ఒక మెట్టు దిగింది అంటూంటే, మెట్ల మీద పాటలు నడుస్తున్నట్టు కళ్లకు కట్టేది. శిఖరానికి చేరిన పాటకు బాకా మోగేది.

మనం ఆనందించాల్సిన సంగతి మరొకటుంది. సయానీ గారు "బహనో ఔర్ భాయియో" అని సోదరీమణులను ముందు పిలిచేవారు. ఆయన తల్లి కుల్సుమ్ సయానీ గారు, కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవారి కోసం "రహబర్" అనే పత్రిక నడిపారు. కొడుకు ఆ పత్రిక పనిలో తల్లికి సాయం చేస్తూ పెరిగాడు. అందరికీ అర్థమయ్యే తేలిక మాట తనకు అక్కడ అబ్బిందని ఆయన చెప్పుకునేవారు. ఆ కార్యక్రమం 1989లో వివిధ భారతికి మారి, మరికొన్నేళ్లు నడిచింది. ఆయన 2024 ఫిబ్రవరిలో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరి గీత్‌మాలా కుంచమేమిటి? పెద్ద పట్టణాల దుకాణాల్లో రికార్డుల అమ్మకం ఒకటి. వూరూరా ఏర్పడ్డ శ్రోతల సంఘాల అభిప్రాయం మరొకటి. ఈ రెండోది కలపడం నిజంగా తెలివైన పని. ఎందుకంటారా? రికార్డు కొనాలంటే ఇంట్లో గ్రామఫోను వుండాలి, చేతిలో డబ్బుండాలి, దగ్గర్లో దుకాణం వుండాలి. పాట వినాలంటే పక్కింటి రేడియో చాలు. కొనేవాడొకడైతే వినేవాళ్లు వందమంది. దుకాణం లెక్కలో ఆ ఒక్కడే వుంటాడు, మిగతా వందమందీ గాలిలో కలిసిపోతారు. సంఘాలు వాళ్లలో కొందరినైనా లెక్కకు తెచ్చాయి.

అలాగని వుత్తరాల కుంచం నిక్కచ్చి అనుకోకండి. ఇప్పుడు జార్ఖండ్‌లో వున్న ఝుమ్రీ తలైయా అనే వూరి పేరు మీరు వినే వుంటారు. అభ్రకం గనుల వూరు. రేడియో సిలోన్‌కూ, వివిధ భారతికీ పాటలు కోరుతూ ఆ వూరివాళ్లు రాసినన్ని వుత్తరాలు ఎవరూ రాయలేదేమో! ఏ పాట వేసినా కోరినవారిలో ఆ వూరి పేరు. అసలు అలాంటి వూరుందా, రేడియోవాళ్లే కల్పించారా అని జనం అనుమానపడేవారు. వూరు నిజమే, వుత్తరాలూ నిజమే. పంతం పట్టి రాసేవాళ్లు పదిమందుంటే, రాయని పది వూళ్ల ఇష్టాన్ని మించిపోతారు.

మన తెలుగు నాట వివిధ భారతి "జనరంజని"కి రాసే కార్డులూ అంతే. నా చిన్నతనంలో మా అమ్మ రేడియో లేకుండా పొయ్యి ముట్టించేది కాదు. ఏ పాట ఎవరు పాడారో, ఏ సినిమాలోదో గుక్కతిప్పుకోకుండా చెప్పేది. కాని తనకు చదువు లేదు. పాట కావాలనుకుంటే పక్కింటి కుర్రాడి చేత కార్డు రాయించేది. అడుగున నాన్న పేరూ, మా పిల్లల పేర్లూ వుండేవి. పాట కోరిన మనిషి పేరు మాత్రం వుండేది కాదు. ఎవరూ కావాలని తీసెయ్యలేదు, ఎవరికీ తట్టలేదంతే. రేడియోలో మా పేర్లు చదివితే అందరికంటే ఎక్కువ సంతోషించింది తనే. రికార్డు కొనని మనిషి, కార్డు మీద పేరు లేని మనిషి. ఆ రోజుల్లో ఆవిడ ఇష్టం ఏ పట్టికలోకి వచ్చి వుంటుంది చెప్పండి? మీ ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు వుండే వుంటారు.

క్యాసెట్లు వచ్చాక మరో చిక్కు వచ్చింది. 1980ల్లో మన దేశంలో దొంగ క్యాసెట్లు సంతలో కూరగాయల్లా అమ్మేవారు. బస్సుల్లో, పెళ్లిపందిళ్లలో, టీకొట్లలో మోగిన పాటల్లో ఎన్నో వాటిలోవే. వాటిని కంపెనీ లెక్కలో ఎవరు రాస్తారు? జనం నోట నానిన పాటకు కాగితం మీద అమ్మకం లేదు.

ఇక కుంచం పట్టుకున్నవాళ్లకే ఆశ చూపితే? అమెరికాలో అదీ జరిగింది. రేడియోలో రికార్డులు వేసేవారికి కంపెనీలు చాటుగా డబ్బిచ్చి తమ పాటలు పదేపదే వేయించేవి. 1959, 1960 సంవత్సరాల్లో అక్కడి చట్టసభ బహిరంగంగా విచారణ జరిపింది. అలన్ ఫ్రీడ్ అనే పేరుమోసిన రేడియో వ్యాఖ్యాత ఉద్యోగమే పోయింది. డబ్బు పుచ్చుకున్న సంగతి చెప్పకుండా పాట వేయడం నేరమని 1960లో చట్టం తెచ్చారు. ఆలోచిస్తే ఇందులో మెలిక తెలుస్తుంది. పదేపదే వినిపిస్తే చెవికి అలవాటవుతుంది. అలవాటైతే కొంటారు. కొంటే పట్టికలో పైకి పోతుంది. పైనుంది గదా అని రేడియోవాళ్లు మళ్లీ వేస్తారు. అంటే పట్టిక మన ఇష్టాన్ని చెప్పడమే కాదు, మన ఇష్టాన్ని తయారు కూడా చేస్తుంది.

నేను చెప్పదలుచుకున్నదానికి అన్నిటికన్నా గట్టి ఉదాహరణ 1991 నాటిది. అంతవరకూ బిల్‌బోర్డ్ వాళ్లు దుకాణాలకు ఫోన్ చేసి అడిగేవారు. గుమాస్తా తన జ్ఞాపకం కొద్దీ, తన ఇష్టం కొద్దీ చెప్పేవాడు. ఆ ఏడాది మే 25 నుంచి ఆల్బముల పట్టికకూ, నవంబరు నుంచి పాటల పట్టికకూ కొత్త పద్ధతి పెట్టారు. కిరాణా సామాన్ల మీద నల్లగీతలుంటాయి చూశారూ, వాటిని మిషన్‌తో చదివించి, ఎన్ని అమ్మారో నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అంతే! వూహించనిది జరిగింది. అంతవరకూ కిందెక్కడో వున్న పల్లెపట్టుల కంట్రీ పాటలూ, నల్లజాతి యువకుల రాప్ పాటలూ ఒక్కసారి పైకి లేచాయి. కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బం ఆ సెప్టెంబరులో వస్తూనే మొదటి స్థానంలో కూచుంది. కంట్రీ పాటల ఆల్బం అలా రావడం అదే మొదలు.

ఒక్కసారి ఆలోచించండి. మే 24 రాత్రికీ, 25 తెల్లవారికీ మధ్య జనం అభిరుచి మారిపోయిందా? లేదు. వాళ్లు అంతకుముందూ ఆ పాటలే వింటున్నారు, ఆ పాటలే కొంటున్నారు. అడిగేవాళ్లకు వాళ్లు కనపడలేదు, అంతే. గింజలు అవే, కుంచం మారింది.

ఇవాళ దుకాణాలూ పోయాయి, క్యాసెట్లూ పోయాయి. పాట ఫోన్‌లో వుంది. ఎన్నిసార్లు విన్నామో ఆ ఫోనే లెక్క రాసుకుంటోంది. ఇంగ్లండులో 2014 జూలై నుంచి ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో 100 సార్లు వింటే ఒక రికార్డు కొన్నట్టు లెక్కవేశారు. ఇందులోనూ చిక్కు వచ్చింది. 2017 మార్చిలో ఎడ్ షీరన్ అనే గాయకుడి కొత్త ఆల్బం రాగానే జనం దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నారు. మొదటి 20 స్థానాల్లో 16 ఆయనవే! తక్కినవాళ్లకు చోటేదీ? ఆ ఏడాదే ఒక గాయకుడికి మూడు పాటలకు మించి వుండకూడదని నిబంధన పెట్టారు. చూశారా, లెక్క దానంతటది వరస కాదు. ఎవరో కూచుని గీత గీస్తేనే వరసవుతుంది.

మరొకటి చూడండి. 2018లో పెట్టిన పద్ధతి ప్రకారం బిల్‌బోర్డ్ పాటల పట్టికలో, నెలనెలా డబ్బు కట్టి వినేవాళ్లు ఒకసారి వింటే పూర్తి మార్కు వేశారు. ప్రకటనలు భరిస్తూ వుచితంగా వినేవాళ్లు ఒకసారి వింటే మూడింట రెండు వంతుల మార్కే వేశారు. డబ్బు కట్టిన చెవికి బరువెక్కువన్నమాట. మన దేశంలో 2019 జూలైలో ఒక హిందీ పాటను ఒక్క రోజులో ఏడున్నర కోట్లసార్లు చూశారని ప్రకటించారు. అందులో ప్రకటనలుగా డబ్బిచ్చి చూపించినవి కూడా వున్నాయని గొడవ వచ్చింది. ఆ సెప్టెంబరులో యూట్యూబ్ వాళ్లు, 24 గంటల రికార్డులకు ప్రకటనల ద్వారా వచ్చిన చూపులు ఇక లెక్కలోకి రావని తేల్చి చెప్పారు. అరవై ఏళ్ల కిందటి అమెరికా తగవే వేషం మార్చుకుని వచ్చింది, అంతే.

మరి ఇప్పుడు ఇల్లాలు లెక్కలోకి వచ్చినట్టేనా? కొంతవరకు వచ్చింది. పాట పెట్టుకుని అంట్లు తోముకునే మనిషి వినికిడి కూడా ఎక్కడో ఒక అంకెగా పడుతోంది. కాని ఆ ఫోన్ ఎవరి పేరున వుంది? పాట ఎంచి పెట్టినదెవరు? ఒకటయ్యాక ఇంకొకటి దానంతటదే వచ్చేస్తూంటే, చేతికి సబ్బునురగ వుండి మార్చలేక విన్నది ఇష్టమా, అలవాటా? చంటిపిల్ల అన్నం తినాలని నలభైసార్లు పెట్టిన పాట ఎవరి ఖాతాలో పడినట్టు? అంకెకు ఇవేవీ తెలియవు. పైగా ఉయ్యాల పాటా, నాట్ల పాటా, మంగళహారతీ గొంతు నుంచి గొంతుకు పోయేవి. వాటిని కొన్నవాళ్లూ లేరు, అమ్మినవాళ్లూ లేరు. ఏ కుంచంలోనూ పడలేదు.

పట్టికలు వద్దని నేననను. అవి లేకపోతే కొత్త పాట మన దాకా రావడం కష్టం. వరస వింటూంటే వుండే సరదా కూడా సరదాయే. అయితే ఇకమీద "నెంబర్ వన్" అన్నమాట చెవిన పడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. దేన్ని లెక్కపెట్టారు — కొన్నదా, విన్నదా, చూసిందా, కోరిందా? ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు? ఆ లెక్కకు ఖర్చు పెడుతున్నదెవరు? ఈ మూడూ తెలిస్తే ఆ నెంబరు ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. మీ ఇష్టానికి సిగ్గుపడాల్సిన పని కూడా వుండదు.

ఇంకొక్క పని చెప్పి ముగిస్తాను. మీ అత్తగారినో, అమ్మగారినో, ఇంట్లో వున్న పెద్దావిడ ఎవరినైనా తీరిగ్గా కూచోబెట్టి, "మీకు బాగా ఇష్టమైన పాటలు ఓ అయిదు చెప్పండి" అని అడగండి. అబ్బే, నాకేం తెలుసమ్మా అంటారు. బతిమాలండి. చెప్పినవి చెప్పినట్టు, ఆవిడ చెప్పిన వరసలోనే, ఒక కాగితం మీద రాయండి. అడుగున ఆవిడ పేరు రాయడం మరిచిపోకండి.